రేవులో దిగని బ్రేకు

మా ఇంట్లో ఉన్నది 1985 మోడల్ రాజ్‌దూత్ 350. ఆర్సీలో నాది మూడో పేరు. 1994లో కొన్నప్పుడు నేను బెజవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, కొత్తగా పెళ్ళయింది. బండి చూడటానికి వచ్చిన మామగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "లీటరుకెంతిస్తుందండీ?" అన్నారు. ముప్పై అన్నాను. అంత రాదని నాకూ తెలుసు, రెండు సైలెన్సర్లలోంచి వస్తున్న పొగ చూశాక ఆయనకీ తెలిసిపోయింది. నిజానికి ఆయన అడగాల్సింది మైలేజీ కాదు, ఇది ఎంత దూరంలో ఆగుతుందని.

రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు దీన్ని బయటికి వదిలేనాటికి మన రోడ్ల మీద బుల్లెట్టు, యెజ్డీ, మామూలు రాజ్‌దూత్ తిరిగేవి. వాటి మధ్య ముప్పై హార్స్‌పవర్ బండి అంటే ఎడ్లబళ్ళ వరసలో రేసు గుర్రం. ఆ ఏడు వచ్చిన హిందీ సినిమా 'హీరో'లో జాకీ ష్రాఫ్ నడిపింది దీన్నే. అయినా పెద్దగా అమ్ముడుపోలేదు. పెట్రోలు తాగుతుంది, సామాను దొరకదు, మెకానిక్కులకి కొరుకుడు పడదు. 1990 నాటికల్లా కథ ముగిసింది.

దీని జపాన్ అన్న యమహా ఆర్‌డి 350. అది 1973లో పుట్టింది. పుట్టుకతోనే దాని ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు ఉంది. పదేళ్ళ తర్వాత అదే బండి మన దేశానికి వచ్చింది, ఆ బ్రేకు మాత్రం రాలేదు. ఖర్చు తగ్గించడానికని డిస్కు తీసేసి ఏడంగుళాల డ్రమ్ము బిగించారు. ఆర్‌డి కంటే ముందు తరం ఆర్‌5కి ఉన్నలాంటి ఏర్పాటే. ఇంజను కొత్తది, బ్రేకు వెనకటి తరంది.

ఆ డ్రమ్మేమీ తీసిపారేయాల్సింది కాదు. లోపలి రెండు షూలూ లీడింగ్ షూలే. అంటే చక్రం ముందుకి తిరిగేటప్పుడు డ్రమ్మే వాటిని తనవైపు లాక్కుని పట్టు పెంచుతుంది. పొడి రోడ్డు మీద, మంచి లైనింగుతో, కేబుల్ సరిగ్గా సర్దుకుంటే రెండు వేళ్ళతో ఆపొచ్చు. చిక్కల్లా వెనక్కి దొర్లేటప్పుడు. దుర్గమ్మ గుడి ఘాట్ రోడ్డు ఎత్తులో బండి ఆపి చూడండి. అదే బ్రేకు, అదే చెయ్యి, బండి మాత్రం మెల్లగా వెనక్కి జారుతుంది. చక్రం దిశ మారేసరికి రెండు షూలూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు నమ్మేవాళ్ళు కాదు. ఒకడు నమ్మక నా బండి మీదే పరీక్షించి కాలు గీరించుకున్నాడు.

డిస్కు మన గడప దాకా వచ్చి వెనక్కిపోవడం అది మొదటిసారి కాదు. 1962లో ఇటలీ ల్యాంబ్రెట్టా వాళ్ళు తమ టీవీ 175 స్కూటర్ ముందు చక్రానికి డిస్కు పెట్టారు. హైడ్రాలిక్ కాదు, కేబుల్ లాగితే పనిచేసేది. మామూలు జనానికి అమ్మిన రెండు చక్రాల బళ్ళలో డిస్కు వచ్చిన తొలి బళ్ళలో అదొకటి. తర్వాత ఆ ల్యాంబ్రెట్టా యంత్రాలు ఇటలీ నుంచి లక్నో చేరాయి. 1972లో స్కూటర్స్ ఇండియా ఏర్పడింది, అందులోంచి మన విజయ్ సూపర్ పుట్టింది. మా నాన్నకి ఉండేది. ఆ చక్రంలోనూ డ్రమ్మే. యంత్రాలు ఓడ ఎక్కాయి, డిస్కు మళ్ళీ అవతలి రేవులోనే ఉండిపోయింది.

అసలు ఈ డిస్కు డ్రమ్ము కంటే వయసులో చిన్నదేం కాదు. ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పలచటి లోహపు పళ్ళెం, దాన్ని రెండువైపులా నొక్కే ముక్కలు. ఆలోచన ఈనాటిదే. ఆ నొక్కే ముక్కలకి ఆయన వాడింది రాగి. రాగీ ఇనుమూ రాసుకుంటే ఏమవుతుందో వంటింట్లో గిన్నెలు తోమేవాళ్ళనడిగినా చెబుతారు. చెవులు చిల్లులు పడే కీచు. దానికి తోడు దుమ్మూ ధూళీ పడి రాగి ఇట్టే అరిగిపోయేది. అదే కాలంలో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఇంకో ఆంగ్లేయుడు ఆస్బెస్టాస్ నారతో లైనింగు చేయడం మొదలుపెట్టాక అరుగుదల బాధ తగ్గింది. ఫెరోడో అన్న పేరు ఆయన ఇంటిపేరులోంచి వచ్చిందే. కానీ ఆ లైనింగు వల్ల లాభపడింది డ్రమ్మే. డిస్కు యాభై ఏళ్ళ పాటు పక్కన పడింది.

దాన్ని మళ్ళీ లేపినవి విమానాలు. బరువైన విమానం దిగి ఆగాలంటే డ్రమ్ము చాల్లేదు. ఆ పని చేస్తున్న డన్‌లప్ వాళ్ళ డిస్కుల్ని జాగ్వార్ తన రేసు కారుకి ఎక్కించింది. 1953 లె మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సీ-టైప్ గెలిచింది. సగటు వేగం గంటకి వంద మైళ్ళు దాటడం అక్కడ అదే మొదలు. పొడుగాటి తిన్నని దారి చివర మిగతావాళ్ళు ముందే బ్రేకు మీద కాలేస్తుంటే జాగ్వార్ వాళ్ళు ఇంకాస్త దూరం దూసుకెళ్ళి అప్పుడు నొక్కేవాళ్ళు. గెలిపించింది ఇంజను ఒక్కటే కాదు, ఆపగలమన్న ధీమా కూడా. 1955లో సిత్రోయెన్ డీఎస్ కారుకీ, 1969లో హోండా సీబీ 750 మోటారు సైకిలుకీ డిస్కులొచ్చాయి. అప్పుడు మన అంబాసిడరుకి నాలుగు చక్రాల్లోనూ డ్రమ్ములే.

ఎందుకు రానివ్వలేదని కోప్పడటం తేలికే. ఆటోనగర్‌లో నా బండి చూసే పెద్ద మేస్త్రి మాత్రం కంపెనీవైపే మాట్లాడేవాడు. "మాస్టారూ, డ్రమ్ముకి ఏం కావాలి? ఒక కేబులు, రెండు షూలు, స్ప్రింగులు. పల్లెటూళ్ళో సైకిల్ షాపువాడైనా విప్పుతాడు. డిస్కుకి ఆయిలు, కిట్టు, పైపు... ఏలూరు దాటితే ఎవడిస్తాడండీ?" అనేవాడు. ఆ రోజులకి అది నిజమే. మద్రాసు శివారు పాడిలో బ్రేక్స్ ఇండియా 1962 నుంచీ ఉన్నా, మోటారు సైకిలు డిస్కుని పట్టి నొక్కే కాలిపర్‌కి రబ్బరు సీలు కావాలంటే బెజవాడ మొత్తం తిరిగినా దొరికేది కాదు. రాజ్‌దూత్ వచ్చిన దశకంలోనే ఎన్‌ఫీల్డ్ వాళ్ళు ఫ్యూరీ 175 అని ఒక బండి తెచ్చారు. జర్మనీ సుండాప్ నమూనా. దానికి ముందు చక్రంలో బ్రెంబో వాళ్ళ డిస్కు ఉండేది. మన దేశంలో తయారై డిస్కుతో వచ్చిన తొలి మోటారు సైకిలు అదే. పాపం, ఎవరూ పెద్దగా కొనలేదు.

నాకు డ్రమ్ము మీద నమ్మకం పోయింది శ్రీశైలం నుంచి దోర్నాల దిగేటప్పుడు. తప్పు నాదే, ముందే చెప్పేస్తాను. బయల్దేరే ముందు వారం షూలకి చవక లైనింగు అతికించుకుని వచ్చాను. వెనక మా ఆవిడ, సైడు సంచీల్లో సామాను. టూ స్ట్రోక్ ఇంజనుకి ఒక గుణముంది. యాక్సిలరేటర్ వదిలేస్తే నాలుగు స్ట్రోకుల బండిలా అది వెనక్కి పట్టదు, ఊరికే దొర్లుతుంది. దిగుడులో బరువంతా బ్రేకు మీదే. లెక్క తర్వాత వేసుకున్నాను. మేమిద్దరం, బండి, సంచీలు కలిపి 290 కిలోలు. నిట్టనిలువున వంద మీటర్లు దిగితే పుట్టే వేడి, ముప్పావు లీటరు పైచిలుకు నీళ్ళని చల్లటి స్థితి నుంచి మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడంతా రెండు డ్రమ్ముల్లోకే పోవాలి.

మూడో నాలుగో మలుపు దగ్గర లివరు హ్యాండిలు దాకా వచ్చేసింది. వేడికి డ్రమ్ము ఉబ్బి షూలకి దూరం జరుగుతుంది, లైనింగు నున్నబడి పట్టు పోతుంది. లీడింగ్ షూల గొప్పతనమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. రాపిడి కాస్త తగ్గితే డ్రమ్ము లాక్కోవడమూ తగ్గిపోయి పట్టు మొత్తంగా జారిపోతుంది. గేర్లు దింపుతూ, రోడ్డు పక్క మట్టిలోకి తోలి ఎలాగో ఆపాను. కాలిన వాసన. మా ఆవిడ దిగి, చీర దులుపుకుని, "ఏమండీ, మీరు పిల్లలకి చెప్పే ఘర్షణ పాఠం ఇదేనా?" అంది. ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ ఆ బండి ఎక్కలేదు.

1999లో హీరో హోండా సీబీజెడ్ వచ్చింది, ముందు 240 మిల్లీమీటర్ల డిస్కు. 2001లో పల్సర్, 2003లో 276 మిల్లీమీటర్ల డిస్కుతో కరిజ్మా. కుర్రాళ్ళు కొన్నారు, కొందరు గుద్దుకున్నారు. అలా విరిగిన బళ్ళ ముందు భాగాలు పాత సామాను కొట్లకి చేరాయి. డిస్కు మార్పిడి అనే ఆచారం మన ఊళ్ళలో అసలు మొదలైంది అక్కడే, షోరూముల్లో కాదు. మా ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్ళం గొప్పలు చెప్పుకుంటాం. గొప్ప మాట ఎలా ఉన్నా, ఒక సందులో పాత సామాను, పక్క సందులో లేత్, ఆ పక్కన వెల్డింగు, ఎదురుగా టీ కొట్టు ఉండే చోటు ఇంకెక్కడుంది? ఆర్‌ఎక్స్ 100 వాళ్ళు, యెజ్డీ వాళ్ళు, మాలాంటి రాజ్‌దూత్ వాళ్ళు ఆదివారం పొద్దున్నే అక్కడ కలిసేవాళ్ళం.

తొలిరోజుల్లో కొందరు తెలివితేటలు చూపించారు. పాత ఫోర్కుకే ఇనుప పట్టీ బిగించి దానికి కాలిపర్ వేలాడదీసేవాళ్ళు. మేస్త్రి ఆ పనికి ఒప్పుకునేవాడు కాదు. "బ్రేకు నొక్కితే మనుషులతో సహా బండి బరువు ఈ ముక్క మీదికొస్తుందండీ. ఇది తిరిగి చువ్వల్లో పడితే?" అనేవాడు. అందుకని 2007లో నేను కరిజ్మా ముందు భాగం మొత్తం కొన్నాను. ఫోర్కు, చక్రం, డిస్కు ప్లేటు, కాలిపర్ అన్నీ. స్టీరింగు బేరింగులకి సరిపడా బుష్‌లు లేత్ మీద తిప్పించాం. మిగతా పని మా పెరట్లో. పాత బండికి ఆ కొత్త అల్లాయ్ చక్రం చూసి మా ఆవిడ, తాతకి మనవడి బూట్లు తొడిగినట్టుందంది.

గుద్దుకున్నప్పుడు ఆ కరిజ్మాకి, లివరు నొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ పగిలిపోయింది. వేరేది కొన్నాను. అదృష్టవశాత్తూ పెద్దది దొరికిందనుకున్నాను. 16 మిల్లీమీటర్ల బోరు. బిగించి నొక్కితే లివరు కర్రముక్కలా ఉంది. నొక్కిన కొద్దీ వేళ్ళు నొప్పెడుతున్నాయి, బండి మాత్రం తీరిగ్గా ఆగుతోంది. మేస్త్రి గాలి ఉందన్నాడు. గాలి ఉంటే లివరు స్పాంజిలా మెత్తగా ఉండాలి కదా! రాత్రి వెర్నియర్ తీసి కొలిచాను. కాలిపర్‌లో రెండు పిస్టన్లు, ఒక్కోటీ సుమారు అంగుళం. పాస్కల్ సూత్రం పాతికేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నవాణ్ణి, నా బండి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. మాస్టర్ సిలిండర్ అరంగుళం ఉంటే చేతి బలం ఎనిమిది రెట్లవుతుంది. 16 మిల్లీమీటర్లు ఉంటే అయిదు రెట్లే. పెద్దది పెడితే బలం పెరగదు, తగ్గుతుంది. అరంగుళందే వెతికి వేశాను. అంతే, రెండు వేళ్ళు చాలాయి. పాత బళ్ళకి డిస్కు పెట్టించి, "అసలు డ్రమ్మే నయం" అనేవాళ్ళని ఇప్పటికీ చూస్తుంటాను. ముందు ఆ రెండు కొలతలూ అడుగుతాను.

రెండో పొరపాటు ఇంకా సిగ్గుచేటు. కొన్న కాలిపర్‌లో ఒక పిస్టన్ తుప్పుతో బిగుసుకుంది. దాన్ని లాగడానికి పట్టకారు వాడితే గీతలు పడతాయి. పైపు విప్పకముందే లివరు నొక్కుతూ పోతే ఆయిల్ ఒత్తిడే మెల్లగా బయటికి నెడుతుంది. అది బాగానే చేశాను. తర్వాత అలవాటు కొద్దీ అన్నిటినీ పెట్రోల్లో కడిగాను, కొత్త సీళ్ళతో సహా. వారానికి సీళ్ళు ఉబ్బి పిస్టన్లు వెనక్కి రావడం మానేశాయి. బ్రేకు వదిలినా ప్యాడ్లు పట్టుకునే ఉన్నాయి. బెంజ్ సర్కిల్ చేరేసరికి డిస్కు ప్లేటు నీలంగా కాలింది.

ఈ సీళ్ళకి పెట్రోలు, ఇంజనాయిల్ ఎందుకు పడవో తెలుసుకుందామని పాత పుస్తకాలు తిరగేస్తే తేలిన సంగతి నన్ను మా అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. హైడ్రాలిక్ బ్రేకుల తొలి దశాబ్దాల్లో ఆ పైపుల్లో పోసింది ఆముదం! ఆముదంలో ఆల్కహాలు కలిపి పోసేవాళ్ళు. అప్పటి సహజ రబ్బరు సీళ్ళు రాతినూనె తగిలితే ఉబ్బి పాడయ్యేవి, ఆముదానికి మాత్రం చెక్కుచెదిరేవి కావు. ఇప్పటి బ్రేకాయిల్ గ్లైకాల్ జాతిది, సీళ్ళ రబ్బరూ మారింది. పెట్రోలంటే గిట్టకపోవడం మాత్రం అలాగే మిగిలింది. పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండే ఆముదాలు ఒకప్పుడు కార్లనాపే సరుకని మా అమ్మమ్మకి తెలిసుంటే, తలకి రాసేటప్పుడు ఇంకో గరిటె ఎక్కువే పోసేది.

గ్లైకాల్‌కి మరో గుణం, గాల్లో తేమని పీల్చుకోవడం. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పట్టాక ఆ లెక్క 155కి పడిపోతుంది. డాట్ 3కి అయితే 205, 140. కాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, లివరు నొక్కితే ఆ బుడగలే నలుగుతాయి కానీ ప్యాడ్లు కదలవు. దోర్నాల ఘాట్‌లో డ్రమ్ము చేసిన పనే పాత ఆయిల్ పోసిన డిస్కూ చేస్తుంది. బెజవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళో రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. మార్చాక పైపులో గాలి తీయడం పెద్ద విద్య కాదు. కాలిపర్ మీది నిపుల్‌కి సన్నటి ట్యూబు, రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో మునగాలి. నొక్కి పట్టుకో, నిపుల్ వదులు చెయ్యి, బిగించు, అప్పుడు లివరు వదులు. మొండి బుడగలు మిగిలితే లివరుని సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిలుకి కట్టేసి రాత్రంతా వదిలేస్తాను, పొద్దునకి పైకి చేరుకుంటాయి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పోసి కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. నా ట్యాంకు మీద అరచెయ్యంత మచ్చ అందుకు సాక్ష్యం. ఇంకోటి. పాత షూలూ ప్యాడ్లూ విప్పినప్పుడు ఆ పొడిని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ఆనాటి లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంది. తడిగుడ్డతో తుడిచి పారేయండి. మా మేస్త్రి తరం ఆ పొడి ఊదుతూనే బతికింది.

మార్పిడి గొప్పదని ఊదరగొట్టడం లేదు. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికొస్తుంది, 2019లో సుప్రీంకోర్టు ఆ సంగతి గట్టిగానే చెప్పింది. ఇప్పుడెవరైనా అడిగితే, ముందు ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోమనే చెబుతాను. రాజ్‌దూత్ ముచ్చటకి వారానికోసారి ఊళ్ళోనే తిప్పేవాళ్ళయితే మంచి లైనింగు, కొత్త కేబులు చాలు. డ్రమ్ముని గుండ్రంగా టర్నింగ్ చేయించుకుంటే ఇంకా మంచిది. సరిగ్గా సర్దిన డ్రమ్ము, కొలతలు కుదరని డిస్కు కంటే వెయ్యి రెట్లు నయం.

గాలి ఇప్పుడు అటు తిరిగింది కూడా. ఒకప్పుడు పాత ఇనుము రేటుకి పోయిన రాజ్‌దూత్ డ్రమ్ము చక్రం కోసం హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ కుర్రాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. వాళ్ళకి బండి కంపెనీలోంచి వచ్చినట్టే ఉండాలట, డిస్కు ఉంటే విలువ తక్కువట. మేమంతా పదిహేనేళ్ళు తిప్పలుపడి పెట్టుకున్న బ్రేకుని వీళ్ళు పెద్ద మొత్తం పెట్టి పీకిస్తున్నారు. నా చక్రం అటక మీద, గోనెపట్టాలో, గ్రీజు పూసి భద్రంగా ఉంది. అమ్మను. అలాగని తిరిగి బిగించనూ లేదు.

పోయిన ఉగాదికి ఆయిల్ మార్చాను. మీ బండి కుడి హ్యాండిలు దగ్గర, మాస్టర్ సిలిండర్‌కి చిన్న గాజు కిటికీ ఉంటుంది. ఇవాళ సాయంత్రం ఓసారి అందులోకి చూడండి. లోపలి ఆయిల్ తేనె రంగు దాటి టీ డికాక్షన్‌లా ఉంటే, ఘాట్ రోడ్డు ఎక్కేముందే మార్పించుకోండి.